దారి తప్పిన క్యారేజీ

"నువ్వు మాత్రం ఏమీ మాట్లాడకు, భ్రమరా. నేను నిన్ను కోరేది అదొక్కటే," అన్నాడు శేషగిరిరావు, చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకోదాంట్లో పెట్టుకుంటూ. "క్యారేజీ ఇయ్యి, నమస్కారం పెట్టు, వచ్చెయ్యి. ఆవిడేదైనా అడిగితే జవాబు చెప్పు. నీ అంతట నువ్వు ప్రశ్నలెయ్యకు."

"ఒంట్లో ఎలా ఉందండీ అని కూడానా?"

"అది అడగొచ్చు. అక్కడితో ఆగు. ఏ ఊరు, ఎవరి తాలూకు, చీర ఎక్కడ కొన్నారు, ఇవేవీ వద్దు. సాంబశివరావు గారికి వాగుడు పడదు. ఆయన భార్యకి అసలే పడదట."

భ్రమరాంబ మొగుడి గుండీలు విప్పి మళ్లీ వరసగా పెట్టింది. నోటిదాకా వచ్చిన మాట ఒకటి ఉంది గానీ, మింగేసింది. రేపల్లె పాసింజరుకి టైమైపోతోంది.

జూన్ నెల, ట్రాన్స్‌ఫర్ల కాలం. తెల్లారకుండా తెనాలిలో రైలెక్కి, రేపల్లె ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టి, చీకటి పడ్డాక దిగే శేషగిరిరావుకి తెనాలి ఆఫీసులోనే ఖాళీ అయిన కుర్చీ ఒకటి కనపడుతోంది. ఆ కుర్చీ ఎవరికివ్వాలో చెప్పే ఆఫీసరు సాంబశివరావు గారు బాపట్లలో ఉంటారు. ఆయన కడుపులో రాళ్లు పడ్డాయి. వాటిని తీయించుకోడానికి, డాక్టర్ల ఊరని పేరున్న తెనాలే వచ్చి, కొత్తపేటలో ఒక నర్సింగ్‌హోములో చేరారు. దేవుడు ఇంతకన్నా స్పష్టంగా ఎవరికి సైగ చేస్తాడు? శేషగిరిరావు వెళ్లి చూసి, "భోజనం సంగతి మీరు మర్చిపోండి సార్. డాక్టరు అన్నం పెట్టమనగానే మా ఇంటినుంచి వచ్చేస్తుంది," అని మాటిచ్చి వచ్చాడు. మాట ఆయనది, వంట భ్రమరాంబది.

ఆ కుర్చీ ఆమెకీ కావాలి. పోయిన నెలలో ఆయన రేపల్లె ప్లాట్‌ఫారం మీద కళ్లు తిరిగి కూలబడితే, పూలమ్ముకునే ఆవిడెవరో నీళ్లు చల్లి లేపి రైలెక్కించింది. ఆ సంగతి ఆయన చాలా రోజుల తర్వాత, ఎవరికో జరిగినట్టు చెప్పాడు. అప్పట్నుంచి రాత్రి రైలు కూత వినపడేదాకా భ్రమరాంబకి వీధి గుమ్మం దగ్గరే ఏదో ఒక పని ఉంటోంది.

ఆయన్ని పంపించి వంటింట్లోకి వచ్చింది. కోసిన కడుపుకి ఏం పెట్టాలో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. వంకాయ, గోంగూర ఆ చుట్టుపక్కలకి రాకూడదు. పొట్లకాయ సన్నగా తరిగి, ఉప్పేసి పిసికి, నీళ్లు పిండేసి, పెసరపప్పుతో ఉడకబెట్టింది. పోపులో ఎండుమిరపకాయకి మూకుడు చూపించి తీసేసింది. మిరియాల చారు కాచింది. అన్నం మామూలు కన్నా రెండు పొంగులు ఎక్కువ రానిచ్చింది. పాత చింతకాయ పచ్చడి గోరంత తీసి నేతి చుక్కతో కలిపింది. వెన్న తీసిన మజ్జిగలో శొంఠి కొట్టి వేసింది. చారు అరచేతిలో చుక్క వేసుకుని చూస్తూ, ఇన్నాళ్లూ లంచమంటే కవరులో పెట్టి ఇచ్చేదే అనుకున్నానే, దీనికి ఉప్పు కూడా చూసుకోవాలి కాబోలు అనుకుంది.

పన్నెండింటికి రిక్షాలో నర్సింగ్‌హోముకి చేరింది. 'మేడమీద చివరి గది' అని ఆయన చెప్పిన గుర్తు పట్టుకుని మెట్లెక్కింది. గది తలుపు తీసే ఉంది. మంచం మీద ఒక పెద్దాయన గొంతు దాకా దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. పక్కన స్టూలు మీద కూర్చున్న ఆవిడకి యాభై అయిదు దాటి ఉంటాయి. చేతికి రెండేసి బంగారు గాజులు, ఒంటి మీద ముతక నేత చీర. అంత పెద్ద ఆఫీసరు భార్య అయ్యుండి ఎంత సాదాగా ఉందో చూడు అనుకుంది భ్రమరాంబ. తన ఒంటి మీదున్న గద్వాల చీరని చూసుకుని కాస్త సిగ్గుపడింది.

"నమస్కారమండి మేడం గారూ. భోజనం తెచ్చానండి."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, మేడం గారెవరా అని. వెనకాల కిటికీ తప్ప ఎవరూ లేకపోయేసరికి మళ్లీ ఇటు తిరిగి, "మాకేనా?" అంది.

"మీకేనండి. సారు గారికి ఒంట్లో ఎలా ఉందండి?"

"కోత బాగానే మానుతోందంట తల్లీ. ఇవాళ్టి నుంచి మెత్తగా ఏదన్నా పెట్టమన్నారు. ఏం పెట్టను? హోటలు ఇడ్లీ తుంపి నోటి కాడికి తీసుకెళ్తే మొహం అటు తిప్పేసుకున్నాడు. అప్పట్నుంచీ గోడతోనే కాపరం."

భ్రమరాంబ నోట్లోకి ప్రశ్నలు బారులు తీరి వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ మింగింది. ఆ మింగినవాటిల్లో 'మీరు సాంబశివరావు గారి భార్యేనా అండీ?' అన్నది కూడా ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ మొగుడి మాట అక్షరాలా విన్నది ఆ ఒక్కరోజే. దాని ఫలితం ఇలా ఉంది.

"మీరు పెట్టండి. నేను వరండాలో కూర్చుంటా," అని బయట బల్ల మీద కూర్చుంది. లోపల గిన్నెలు విడదీసిన చప్పుడు, ఏదో బతిమాలడం, విసుక్కోవడం, తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేకపోవడం వినిపించాయి. కాసేపటికి ఆవిడ క్యారేజీ శుభ్రంగా కడిగి తెచ్చి చేతికిచ్చింది. పై గిన్నె బరువుగా ఉంది.

"రెండు బత్తాయిలు పెట్టాను తల్లీ. ఉత్త గిన్నె చేతికియ్యకూడదుగా."

ఆ రాత్రి శేషగిరిరావు బత్తాయిని కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ. "చూశావా ఆ సంస్కారం! ఏమీ అడగలేదుగా నువ్వు?"

"గాలి పీల్చుకున్నాను. అదేం అనుకోలేదులెండి ఆవిడ."

శుక్రవారం మెట్లెక్కేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. వరండా చివర్నుంచే చెయ్యి ఊపింది.

"రా తల్లీ రా. నిన్న ఏం చేశావో గానీ, గిన్నె అంచు కూడా వేలితో తుడుచుకు తిన్నాడు. చారు చాల్లేదంట. ఇంకా ఉందా అని నా మీద ఎగిరాడు. మంచాన పడ్డాక మొదటిసారి ఎగరడం! నాకు ప్రాణం లేచొచ్చింది."

గెజిటెడ్ ఆఫీసరు గిన్నె అంచు వేలితో తుడవడం ఊహించుకోడానికి భ్రమరాంబకి కొంచెం టైము పట్టింది. ఇవాళ పెద్దాయన మేలుకుని ఉన్నాడు. తెల్లటి గరుకు గడ్డం, ఎండకి కాలిన మొహం. కాలవల వెంట క్యాంపులు తిరిగి అలా అయ్యాడు పాపం అనుకుంది. దిండు కానించుకుని లేవబోయాడు.

"లేవకండి సార్!"

"సారేంటి చెల్లెమ్మా, నేనేం పంతులినా?" అన్నాడాయన. నవ్వబోయి, కుట్లు లాగి, కడుపు పట్టుకుని మూలిగాడు. "నవ్వించకు. ఇవాళేం తెచ్చావు?"

"బీరకాయండి. పాలు పోసి."

"పాలు పోసి!" అని ఆయన పెళ్లాం వంక చూశాడు. "విన్నావా? ఇన్నేళ్లలో నాకెప్పుడన్నా పాలు పోసి వండావా?"

"గేదెల కాడికి నేనే పోతిని, పాలు పిండితిని, కేంద్రంలో పోసొస్తిని. ఇంక కూరలో పొయ్యడానికెక్కడివి!" అందావిడ.

ఈ గేదెల మాట భ్రమరాంబ చెవిని పడింది గానీ, చెల్లెమ్మా అన్న పిలుపు దానికన్నా ముందే వెళ్లి మెదడులో కూర్చుంది. ఆ రోజు క్యారేజీ నిలువునా ములక్కాడలతో ఇంటికి వచ్చింది. రాత్రి మొగుడు కాళ్లు కడుక్కుంటుంటే గుమ్మంలోనే చెప్పేసింది.

"ఏవండోయ్, మీరు ఆఫీసరు గారికి బావమరిదో బావో అయిపోయారు. నన్ను చెల్లెమ్మా అన్నారు."

చెంబు శేషగిరిరావు చేతిలోనే ఆగిపోయింది. "సాంబశివరావు గారా? ఆఫీసులో ఆయన మనుషుల్ని పేరు పెట్టి కూడా పిలవరే! బెల్లు కొట్టి వేలు చూపిస్తారు."

"కడుపులో రాళ్లతోపాటు ఇంకేమైనా కూడా తీసేశారేమో."

"ఆపరేషను తర్వాత కొందరికి గుణం మారుతుందిట. తెనాలి సీటు ఖాయం, భ్రమరా!" అని ఆయన ఆ పూట ములక్కాడల పులుసులో ముక్క ముక్కకీ సాంబశివరావు గారిని తలుచుకున్నాడు.

శనివారం పొద్దున భ్రమరాంబ తనే బజారుకి వెళ్లింది. ఇంటికొచ్చే బండివాడి సొరకాయ గోరు దిగనంత ముదురుగా ఉంది మరి. మోచేతి పొడుగుది, నూగు పోనిది ఒకటి దొరికేదాకా మూడు కొట్లు తిరిగింది. తిరిగి వస్తుంటే వేరే ఆలోచన ఒకటి తగిలింది. నిన్న గది మూలన బన్ను కాగితం కనపడింది. మంచం మీద మనిషికి నాలుగు గిన్నెలు వెళ్తున్నాయి. మంచం పక్కనున్న మనిషి బన్ను తింటోంది. సొరకాయతోపాటు రెండు గోంగూర కట్టలు కూడా సంచిలో పడ్డాయి.

ఆ పచ్చడి నూరుతూ, వెల్లుల్లి ఎక్కువైందా అని నాలిక మీద పెట్టుకుని చూస్తూ, ఉన్నట్టుండి రోలు దగ్గర ఆగింది. పొద్దుట్నుంచీ తెనాలి సీటు ఒక్కసారైనా గుర్తు రాలేదు. ఇదెక్కడి చోద్యం అనుకుని, గుర్తు చేసుకోడానికి ఒక నిమిషం ప్రయత్నించి, పొయ్యి మీద అన్నం పొంగడంతో మళ్లీ మర్చిపోయింది.

"ఇది ఆయనకి కాదండోయ్, పుండుకి పడదు. మీకు," అని చిన్న డబ్బా విడిగా ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ మూత తీసి వాసన చూసింది. మూత పెట్టింది. మళ్లీ తీసింది. "నాకా?" అంది. "నాకోసరం చేశావా?" కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు కిటికీవైపు తిరిగింది. "వచ్చినోళ్లందరూ ఆయనెలా ఉన్నాడనే అడుగుతారు తల్లీ. నువ్వు తిన్నావా అని ఒక్కళ్లు అడిగిన పాపాన పోలేదు."

"నువ్వు తిన్నావా?" అన్నాడు పెద్దాయన మంచం మీంచి.

"ఇంకా నయం, రేపు అడిగావు కాదు!"

భ్రమరాంబ ఆ రోజు వరండాలో కూర్చోలేదు. గదిలోనే, ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ అన్నంలో గోంగూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. రెండో ముద్ద కలిపింది. భ్రమరాంబ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. తను తినకుండానే కడుపు నిండడమనేది పుస్తకాల్లో రాసేవాళ్లు కల్పించిన మాట కాదన్నమాట అనుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ తమ్ముడు ఎవరో రిక్షావాణ్ణి అడిగి సైకిలు మీద ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, సీసాడు జున్నుపాలు ఇచ్చి, మా అక్క పంపిందని చెప్పి వెళ్లాడు. రాత్రి వచ్చిన శేషగిరిరావు సీసాని ఎత్తి దీపం కేసి చూశాడు. మొదటిసారి ఆయన మొహంలో అనుమానం పొడసూపింది.

"బాపట్లలో ఆయనుండేది క్వార్టర్సులో కదే. గేదెనెక్కడ కట్టేస్తారు?"

"డాబా మీదేమో. గెజిటెడ్ గేదె అయ్యుంటుంది."

"నీకన్నీ వేళాకోళమే. రేపు ఆదివారం కదా, నేనూ వస్తాను. ఒకసారి కనపడితే మంచిది. వచ్చే వారమే లిస్టు మీద సంతకం పెడతారుట."

ఆదివారం ఇద్దరూ రిక్షా దిగారు. శేషగిరిరావు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భ్రమరాంబ చేతిలో క్యారేజీ. కింద గిన్నెలో మెత్తటి అన్నం, దాని మీద సొరకాయ పప్పు, దాని మీద వాము చారు, అన్నిటికన్నా పైన బెల్లం, యాలకులు వేసి వండిన జున్ను ఉన్నాయి. మెట్లవైపు నడుస్తున్న ఆమెని నర్సు ప్రేమకుమారి పలకరించింది.

"ఏమ్మా, ఇవాళ సారు గారిని కూడా తీసుకొచ్చారే!"

"మేము మేడమీద సాంబశివరావు గారిని చూడ్డానికి వచ్చాం," అన్నాడు శేషగిరిరావు హోదాగా.

"బాపట్ల ఆఫీసరు గారా? ఆయన మేడమీద లేరుగా సార్. గురువారం పొద్దున్నే కింద ఏసీ రూము ఖాళీ అయితే అందులోకి మార్చేశాం. అదిగో, ఆ తలుపు."

భ్రమరాంబ పైకి చూసింది. శేషగిరిరావు భ్రమరాంబని చూశాడు.

"మరి పైన ఉన్నది?" అందామె.

"రాఘవయ్య గారు. చెరుకుపల్లి అవతల ఊరు, వ్యవసాయం. ఇరవైనాలుగ్గంటల కడుపునొప్పి, అదే అపెండిసైటిస్, వచ్చి తెచ్చి పడేశారు. ఆయన, సుబ్బాయమ్మ గారు రోజూ మీ మాటేగా!"

తలుపు సగం తీసే ఉంది. తప్పించుకునే దారి లేదు. లోపల చల్లగా ఉంది. మంచం మీద సాంబశివరావు గారు కూర్చుని ఉన్నారు. ఆయన ముందు హోటలు పొట్లం, అందులో చల్లారిపోయిన ఇడ్లీలు. పక్కన కుర్చీలో ఆయన భార్య సుందరమ్మ గారు. బెంగాలీ కాటన్ చీర, కళ్లజోడు, అన్నీ ఆఫీసరు భార్యకి ఉండాల్సినట్టే ఉన్నాయి.

"నువ్వా," అన్నారాయన.

"నాలుగు రోజుల్నుంచీ పన్నెండింటికి గుమ్మంకేసి చూడ్డమే సరిపోతోందండీ మాకు," అంది సుందరమ్మ గారు మెల్లిగా. కోప్పడినా బావుండేది. "మీ ఇంటి నుంచి వస్తుందని మొదటి రోజు హోటలు వాణ్ణి వద్దన్నాం కూడా. పొద్దుపోయాక మళ్లీ వాణ్ణే బతిమాలుకున్నాం."

శేషగిరిరావు నోటి వెంట "సార్", "మేడం", "గది", "పైన" అనే మాటలు వచ్చాయి గానీ వరసలో రాలేదు. భ్రమరాంబకి మాత్రం నిజంగానే బాధేసింది. ఏసీలో ఉన్నా ఆకలి ఆకలే.

"తప్పు నాదేనండి," అంది. "పైగదిలో ఉన్నవాళ్లు మీరే అనుకుని అక్కడిచ్చాను. ఎవరని అడగాల్సింది, అడగలేదు. సాయంత్రం ఏడింటికల్లా వేడివేడిగా మీకు తెస్తాను."

"సాయంత్రం దాకా ఎందుకు, ఇది ఉందిగా!" అని శేషగిరిరావు క్యారేజీ కోసం చెయ్యి చాపాడు.

భ్రమరాంబ క్యారేజీని రెండో చేతిలోకి మార్చుకుంది. "ఇది వేరేవాళ్లదండి," అంది ఆఫీసరు గారి వంకే చూస్తూ.

సాంబశివరావు గారు క్యారేజీని చూశారు, ఇడ్లీల్ని చూశారు, శేషగిరిరావుని చూశారు. "సరే," అన్నారు.

నడవలోకి రాగానే శేషగిరిరావు గొంతు తగ్గించి అరిచాడు. "నీకేమైనా మతిపోయిందా? మూడు రోజులు పొరపాటున పెట్టావు, బాగానే ఉంది. తెలిశాక కూడానా? వచ్చే వారం సంతకం!"

"వాళ్లు పన్నెండింటి నుంచీ ఎదురుచూస్తుంటారు."

"వీళ్లూ ఎదురుచూశారు!"

"అందుకే సాయంత్రం తెస్తానన్నాను. ఇందులో ఉన్న జున్ను పైవాళ్ల గేదెదండి. ఒకళ్ల గేదెని చూపించి ఇంకొకళ్లని ట్రాన్స్‌ఫర్ అడగమంటారా?"

శేషగిరిరావు ఏసీ గది తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె మెట్లెక్కింది.

సగం మెట్ల మీద ఆగింది. మూడు రోజులుగా గిన్నెల్లో లంచం మోసుకెళ్తున్నాననుకుంది. గిన్నె అంచు తుడుచుకు తిన్న మనిషికి తన మొగుడు ఏ ఆఫీసులో పనిచేస్తాడో కూడా తెలీదు. తనని పొగడాల్సిన అవసరం ఆయనకి లేదు. తనకి ఆయనతో పని లేదు. అంటే అది వట్టి అన్నమే. తనకి తెలియకుండా తను మూడు రోజులు ఎవరికో ఊరికే అన్నం పెట్టింది. ఒక ప్రశ్నకి రాసిన జవాబుకి ఇంకో ప్రశ్న కింద మార్కులు పడ్డట్టుంది. పైగా ఫస్టు క్లాసు. ఒక్కతే నవ్వుకుంటూ మిగతా మెట్లెక్కింది.

నిజం చెప్పేసరికి సుబ్బాయమ్మ లేచి నిలబడిపోయింది. మొహం కందిపోయింది.

"అయ్యో తల్లీ, ఎంత పని చేశాను! నర్సమ్మ చెప్పిందిలే, ఊళ్లో అమ్మలు కొందరు మొక్కుకుని పేషెంట్లకి అన్నం తెస్తారని. అలాంటి తల్లివే అనుకున్నాను. అన్నం తెచ్చినావిణ్ణి నువ్వెవరని అడిగితే బావుంటుందా అని నోరు మూసుకున్నాను. ఇది కిందకి పట్టుకెళ్లు. మీ ఆయన ఉద్యోగం సంగతి." క్యారేజీని ముట్టుకోకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"ఎలా పట్టుకెళ్లను? మూడు రోజులు మీరు తిన్న క్యారేజీ అది. పెద్ద ఆఫీసరు గారికి ఎంగిలి గిన్నెల్లో పెట్టానని తెలిస్తే మావారిని మాచర్ల పంపిస్తారు."

సుబ్బాయమ్మ నవ్వాలా వద్దా అని మొగుడి వంక చూసింది.

"గొడవ తర్వాత పడొచ్చు," అన్నాడు రాఘవయ్య. "నాకు ఆకలేస్తోంది. చెల్లెమ్మా, పై గిన్నెలో ఏంటి?"

"మీ జున్నేనండి. మీకు ఒక్క చెంచానే. మిగతాది వదినకి."

వదిన అన్న మాటకి సుబ్బాయమ్మ చేతులు ముందుకొచ్చాయి.

రాఘవయ్య సగం తిన్నాక గుమ్మంలో శేషగిరిరావు కనపడ్డాడు. ఆఫీసరు గారికి నిద్ర వస్తోందని చెప్పి పంపించేశారట. లోపలికి రావాలో వద్దో తెలియక, ఇస్త్రీ చొక్కాతో, అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"రండి బావగారూ రండి," అన్నాడు రాఘవయ్య. "మీరు రోజూ ఈ వంటే తింటారా?"

"ఆఁ. రోజూ."

"అదృష్టవంతులు. నిన్న ఏం తిన్నారు?"

శేషగిరిరావు నోరు తెరిచాడు. ఆలోచించాడు. సహాయం కోసం భ్రమరాంబ వంక చూశాడు. భ్రమరాంబ కిటికీలోంచి వీధి చూస్తోంది. ఆయన మంచం చివర కూర్చుని, సొరకాయ పప్పు కలిపిన అన్నం ఒక్కొక్క ముద్దే రాఘవయ్య నోట్లోకి వెళ్లడం, ప్రతి ముద్దకీ ఆ మొహం ఎలా మారుతోందో చూడ్డం మొదలుపెట్టాడు. లేచి వచ్చేదాకా ఆ చూపు మరలలేదు.

ఆ సాయంత్రం నుంచి మంగళవారం దాకా భ్రమరాంబ రెండు క్యారేజీలు మోసింది. కింద గదిలో చారు పల్చగా ఉందన్నారు, ఉప్పు ఇంకాస్త పడాలన్నారు. క్యారేజీని కడగకుండా ఇచ్చారు. అయినా తిన్నారు. తింటున్నప్పుడు ఆఫీసరు గారి మొహం కూడా అందరి మొహంలాగే ఉంది. మంగళవారం మధ్యాహ్నం సుబ్బాయమ్మ, రాఘవయ్య టాక్సీ ఎక్కారు. ఎక్కేముందు సుబ్బాయమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "వేళకి తిను తల్లీ," అంది.

తర్వాతి వారం లిస్టు వచ్చింది. తెనాలి కుర్చీ ఎవరో ఈపురుపాలెం నుంచి వచ్చే ఆయనకి వెళ్లింది. క్యారేజీ వల్ల పోయిందో, ముందే వేరేవాళ్ల పేరు రాసి ఉందో ఎవరూ చెప్పలేరు. శేషగిరిరావు ఉన్నచోటే ఉన్నాడు. ఆ సంగతి రైలు దిగి వచ్చి, చెప్పులు విడుస్తూ, ఆమె మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"మాచర్ల కాదుగా," అంది భ్రమరాంబ.

"నువ్వు ఏడుస్తావనుకున్నాను."

తనూ అదే అనుకుంది. ఏడుపు ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంది కూడా. రేపు రాత్రి కూడా రైలు కూత కోసం గుమ్మంలో నిలబడాలి. ఆ బెంగ అలాగే ఉంది. కానీ ఏడుపు మాత్రం దొరకలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన సగం తాగి గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

"భ్రమరా. మా ఆఫీసులో జ్ఞానానందమని ఒకడున్నాడు. కొత్తగా చేరాడు. నా ఎదురు బల్లే. మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పగానే, ఇప్పుడే వస్తాను సార్ అని బయటికి పోతాడు. ఏదో పనుంటుందిలే అనుకునేవాణ్ణి. నిన్న అటువైపు వెళ్తే కాంటీన్ వెనకాల నిలబడి టీలో బన్ను ముంచుకు తింటున్నాడు. ఒంటరివాడు, గదిలో వండుకోడం రాదట. ఇవాళ నాకు ముద్ద దిగలేదు."

"ఊఁ."

"రేపట్నుంచి కాస్త ఎక్కువ పెట్టగలవా?"

"ఆయన చేతిలో ఏమైనా ఖాళీలున్నాయా?"

"వాడి చేతిలో ఏముంటాయే! నాకన్నా కింది గుమాస్తా. వాడికి లీవు కావాలన్నా నేనే పైకి పంపాలి."

"మరి మనకేంటి లాభం?"

శేషగిరిరావు ఆ ప్రశ్నని సీరియస్‌గానే తీసుకున్నాడు. "ఏం లేదు," అన్నాడు చివరికి, దొరికిపోయినవాడిలా. "వాడికి బెండకాయ వేపుడంటే ఇష్టమట. అడిగాను."

"ఇంట్లో బెండకాయలు లేవు."

ఆయన గడియారం చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. అప్పుడే విడిచిన చెప్పుల్లో మళ్లీ కాళ్లు దూర్చి, మేకుకి వేలాడుతున్న గుడ్డ సంచి తీసుకుని మెట్లు దిగాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ కూరగాయల సంచి పట్టుకుని ఎరగని మనిషి. రైలు దిగి వచ్చినవాడిలా కాకుండా, రైలు పట్టుకోవాల్సినవాడిలా నడుస్తున్నాడు. భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చి చూస్తోంది. వీధి మలుపు దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి, ఇరుగుపొరుగులందరికీ వినపడేటట్టు అరిచాడు.

"లేతవో ముదురువో ఎలా తెలుస్తుందే?"

"తోక విరిచి చూడండి!" అని భ్రమరాంబ కూడా వీధంతా వినపడేలా అరిచింది. "టప్పున విరిగితే తీసుకోండి!"